పెట్టెకు ఆనించిన చెవి

మా సంఘంలో ఎవరిని సమాధి చేసినా, పెట్టెను గుంటలోకి దింపే ముందు ఒక్క క్షణం ఆగుతారు. తాళ్లు పట్టుకున్నవాళ్లు వాటిని బిగించి నిలబడతారు. పాట ఆగిపోతుంది. ప్రార్థన ఉండదు, వాక్యం ఉండదు, ఊరికే ఆగడం. తర్వాత మా పాస్టరు అయ్యగారు తల ఊపితే పెట్టె దిగుతుంది. ఇనుప గనుల ఊరైన ఈ కిరండూల్‌లో తెలుగు ఆరాధనకు వచ్చే రైల్వే కుటుంబాలన్నింటికీ ఇది అలవాటైపోయింది. మొన్న ఒక సమాధి దగ్గర, విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చిన కోడలు ఒకామె నా చెవిలో అడిగింది.

"ఎందుకు ఆగారండీ? ఇంకా ఎవరైనా రావాలా?"

ఎవరూ రానక్కర్లేదని చెప్పాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆ జవాబు నాకే నచ్చలేదు. మేము ఆగేది ఒక మనిషి అలవాటు కోసం. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా తక్కువే. అందరికీ ఆయన కీమేన్ తాత.

రైలు పట్టాను పట్టి ఉంచే ఇనుప బిగింపులు వదులయ్యాయేమో చూసుకుంటూ, తనకు అప్పగించిన మేర లైను రోజూ నడిచేవాణ్ణి కీమేన్ అంటారు. భుజాన సుత్తి, చేతిలో ఎర్ర జెండా. తాత ఉద్యోగమంతా ఈ కొండల మధ్యే గడిచింది. ఖనిజం నింపుకున్న బళ్లు బరువుగా దిగిపోతుంటే పట్టా రోజూ కాస్త కాస్త సడలుతుంది. తాత దాన్ని కొట్టి, వంగి, చెవి ఆనించి, మోత బాగుంటే తల ఊపి ముందుకు సాగేవాడట. ఉద్యోగం అయిపోయినా ఆ కొట్టడం, ఆ వంగడం ఆయన ఒంట్లోంచి పోలేదు.

దేన్నీ కంటితో చూసి నమ్మేవాడు కాదు. కొబ్బరికాయ కానీ, కుండ కానీ, కొత్తగా కొన్న స్టీలు బిందె కానీ, ముందు వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాల్సిందే. పొయ్యి మీది గిన్నె మూత తియ్యకుండానే అన్నం ఉడికిందో లేదో చెప్పేవాడు. మందిరంలో బల్ల మీద కూర్చునేవాడు కాదు. మా మందిరం కప్పును పాత రైలు పట్టాలు నిలబెట్టి మోయించారు. వెనకవైపు స్తంభానికి చెంప ఆనించి, కళ్లు మూసుకుని ఆరాధన అయ్యేదాకా అలాగే నిలబడేవాడు. నేను సండే స్కూలు చెప్పేదాన్ని కాబట్టి నన్ను సిస్టరమ్మా అని పిలిచేవాడు.

"గాల్లో వొచ్చిన పాట సగం కారిపోద్ది సిస్టరమ్మా. ఇనుములో వొచ్చిందైతే సుక్క పోదు" అనేవాడు.

సమాధుల దగ్గరా అంతే. పెట్టె దించబోతుంటే ముందుకొచ్చేవాడు. మోకాలి మీద వంగి, మూత మీద కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి పెట్టేవాడు. మొదట్లో అయ్యగారు చాలా కోప్పడ్డారు.

"నిద్రపోయినవాళ్లను లేపేది కడవరి బూర తాతా. నీ వేలు కాదు."

"నేపట్నేదు అయ్యగారూ. వొదులుందేమో సూస్తన్నాను." లేచి, మోకాళ్లు దులుపుకునేవాడు. "గట్టిగుంది. పంపించీయండి."

గట్టిగా ఉన్నది మూతో, మేకులో, లోపలి మనిషి విశ్వాసమో ఎవరూ అడగలేదు. ఆయన ఆ మాట అన్నాకనే తాళ్లు వదలడం మెల్లగా అలవాటైంది. ఒక్కసారి మాత్రం అలా అనలేదు. క్రషింగ్ ప్లాంటులో పనిచేస్తూ జారిపడి పోయిన కుర్రాడిని సమాధి చేస్తున్నాం. తాత చెవి పెట్టి, చెయ్యి పైకెత్తి "కాసేపాగండి" అన్నాడు. ఎండలో ఆగాం. కుర్రాడి తల్లి ఏడుపు కూడా ఆగిపోయింది. కొండ మీద ఖనిజం మోసే కన్వేయరు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి తాత మళ్లీ కొట్టి, విని లేచాడు.

"ఇప్పుడు పంపించీయండి. సర్దుకున్నాడు."



ఆయన భార్యను మామ్మ అనేవాళ్లం. స్త్రీల కూడిక ఆవిడే నడిపేది. ఆవిడ ప్రార్థన కన్నీళ్లతో మొదలై వంటింట్లో ముగిసేది. లోకంలోని రోగులందరి కోసం వేడుకుని, చివర్లో "నిన్న సారులో ఉప్పెక్కువైనా ముసలాయన గొణక్కుండా తిన్నాడు, దానికీ నీకు స్తోత్రం తండ్రీ" అనేది. అందరూ ముసుగుల చాటున నవ్వుకునేవాళ్లు.

వాళ్లు రైల్వే క్వార్టరులో ఉన్న రోజుల సంగతి మామ్మే నాకు చెప్పింది. తాత బీటు ముగించుకుని వస్తూ, మలుపు దగ్గర వేలాడదీసిన పట్టా ముక్క మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టేవాడట. వచ్చేశానని గుర్తు. క్వార్టరు కంచెకు పాతిన ఇనుప స్తంభం మీద మామ్మ రోకలితో రెండు దెబ్బలు కొట్టేదట.

"రెండంటే ఏమిటి మామ్మా?"

"వొడ్డించీసినాను, కాళ్లు కడుక్కుని రా అని. ఇంకేటుంటాది పెళ్లాం సెప్పీది?"

పొగమంచులో పది అడుగుల దూరం కనపడని రోజుల్లో కూడా ఆ రెండు దెబ్బలు పట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణని తాత అనేవాడు.

ఒక వానాకాలం జ్వరంతో మామ్మ ప్రభువునందు నిద్రించింది. పెట్టె దగ్గర తాత ఎప్పటిలాగే మూడు కొట్టి చెవి పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. లేచాక గట్టిగుంది అనలేదు. దించమని చేత్తో సైగ చేసి పక్కకు వెళ్లిపోయాడు.

అప్పటికే ఆయన కుడి చెవి పోయింది. ఆ తర్వాత ఎడమది కూడా తగ్గిపోతూ వచ్చింది. ఇది కూడా నిలవదని, మందు లేదని రైల్వే ఆసుపత్రిలో చెప్పేశారు. అది విన్నాక తాత నేరుగా అయ్యగారి ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"బీరువాలో మా ముసిల్ది ఉంది. ఇచ్చీయండి" అన్నాడు.

అయ్యగారికి కాసేపు అర్థం కాలేదు. అంతకు ముందు ఎవరో విశ్వాసి మందిరానికి పాత కంప్యూటరు ఒకటి ఇస్తే, ఆరాధనలూ స్త్రీల కూడికలూ మైకు పెట్టి అందులో రికార్డు చేసేవాళ్లం. పిడుగు పడి అది కాలిపోయింది. బాగుచేయడానికి వచ్చిన మనిషి లోపల నుంచి అరచేతి పాటి బరువైన పలక ఒకటి ఊడదీసి, "రికార్డులన్నీ ఈ హార్డ్ డిస్కులోనే ఉంటాయి. ఇది బతికే ఉండొచ్చు. ఇంకో కంప్యూటర్లో పెడితే వినపడొచ్చు" అని ఇచ్చాడు. అది బీరువాలో పడి ఉంది. మామ్మ ప్రార్థనలన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

అయ్యగారు దాన్ని తీసి చేతిలో పెట్టి, వెంటనే వదల్లేదు.

"వినండి తాతా. కాదనను. కానీ ఆవిడతో మాట్లాడకండి. చనిపోయినవాళ్లతో మాట్లాడడం మనకు లేదు."

"మాటాడను అయ్యగారూ."

దాన్ని మామ్మ తెల్ల ముసుగులో చుట్టుకుని పోయాడు. ఊళ్లోని నెట్ షాపువాళ్లు వైరస్ వస్తుందని దాన్ని తమ కంప్యూటర్లో పెట్టనివ్వలేదు. ఒకరిద్దరు తమ ఇంటికి తెమ్మన్నారు. తాతే ఒప్పుకోలేదు. పరాయి ఇంట్లో ఆవిణ్ణి మాట్లాడించనన్నాడు. సొంతంగా కంప్యూటరు ఒకటి కొనాలి, తక్కువలో. చెవి ఉన్నన్నాళ్లు ఇంట్లో కూర్చుని వినాలి. తోడుగా నన్ను రమ్మన్నాడు.

నన్నే ఎందుకంటే, క్రిస్మస్ కార్యక్రమం కాగితాలు ఏటా నేనే టైపు చేయించి తెస్తాను. అందుకని నాకు కంప్యూటరు వచ్చని సంఘం నమ్మకం. నిజానికి టైపు చేసేది షాపువాళ్లు. పక్కన నిలబడి తప్పులు చూపించేదాన్ని, అంతే. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక తలా ఒక సలహా ఇచ్చారు. స్క్రీను పెద్దది చూడమని ఒకరు, ప్రాసెసర్ కొత్తదై ఉండాలని ఒకరు. బుకింగ్ ఆఫీసులో పనిచేసే బ్రదర్ అయితే ర్యామ్ ఎక్కువ లేకపోతే కొనవద్దని తాత చెవిలో గట్టిగా అరిచి చెప్పాడు.

"ర్యామంటే ఏటి సిస్టరమ్మా?"

"జ్ఞాపకశక్తి లాంటిది తాతగారూ" అని నేనూ అరిచాను.

"ఒక ముసిల్దాని గొంతుకి ఎంత గేపకం కావాలేటి?"



కంప్యూటరు కొనడానికి గీదం బస్సెక్కాం. తాత ఒళ్లో ఆ తెల్ల గుడ్డ మూట. బస్సు ఊరు దాటగానే మూట విప్పకుండానే దాని మీద కణుపుతో మూడుసార్లు కొట్టి చెవికి ఆనించుకున్నాడు. కాసేపటికి మళ్లీ. బచేలి దాటాక మళ్లీ.

"ఏం చేస్తున్నారు తాతగారూ?" అని చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"ఉందో నేదో సూసుకోవద్దా? రోజూ పొద్దున్నే సూసుకుంతాను. నోపల గాలి కదిలినట్టు ఉంటాది."

మధ్యలో చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి సంచులు చూశారు. జవాను ఒకడు మూట బరువు చూసి అనుమానపడి విప్పాడు. తెల్లటి ముసుగులో నల్లటి ఇనుప పలక.

"యే క్యా హై, బాబా?"

ఇదేమిటని అడుగుతున్నాడని తాత పెదవుల కదలిక చూసి అర్థం చేసుకున్నాడు. "మేరీ ఘర్‌వాలీ" అన్నాడు. నా ఇల్లాలు.

జవాను దాన్ని చటుక్కున సీటు మీద పెట్టేసి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. నేను హిందీలో అంతా వివరించాను. అతను విన్నాడు గానీ దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

గీదంలో కంప్యూటర్ల షాపు నడిపేది తెలుగు సరిహద్దులోని కుంట అనే ఊరి మనిషి. తెలుగు, హిందీ, ఇక్కడివాళ్ల హల్బీ ఒకే నోట్లో తిప్పేవాడు. రంగు లైట్లు మెరిసే కొత్త కంప్యూటర్లు ముందు వరసలో పెట్టాడు. తాత వాటి మొహం కూడా చూడలేదు. నేను చూసింది మొహాలే, అంటే స్క్రీన్లు. అసలు కంప్యూటరు కింద పెట్టిన డబ్బా అని, పైనున్నది కేవలం చూపించే అద్దమని నాకు ఆ రోజే తెలిసింది. తాత డబ్బా తర్వాత డబ్బా కణుపుతో కొట్టి చెవి పెడుతూ పోయాడు.

"ఏంది తాతా, పుచ్చకాయలనుకున్నవా?" అన్నాడు షాపతను. "పండింది చూసి కోసియ్యాల్నా?"

తాతకు వినపడలేదు. నేను మాకు కావలసింది చెప్పాను. ఆటలు వద్దు, సినిమాలు వద్దు, ఇంటర్నెట్టు వద్దు. ఈ డిస్కులో ఉన్న ప్రార్థనలు వినపడితే చాలు, ధర తక్కువ ఉండాలి.

అతను డిస్కును తిప్పి చూశాడు. "అమ్మా, మంచిగ చెప్తున్న విను. గీ కొత్తవాటిల నీ డిస్కు పట్టదు. దీనికి వెడల్పు పట్టీ వైరు కావాలె, ఇప్పటోటికి సన్న వైరే వస్తది. మీకు పాతదే మంచిది. అగ్గువకు కూడా వస్తది."

వెనక గదిలో ఏదో ఆఫీసు వదిలించుకున్న పాతవి నాలుగైదు పేర్చి ఉన్నాయి. తాత వాటిని కూడా వరసగా కొట్టుకుంటూ వచ్చి, మూలనున్న ఒకదాని దగ్గర ఆగాడు. చెవి తీయలేదు.

"ఇదే."

"ఎందుకు తాతగారూ?" అని భుజం తట్టి గట్టిగా అడిగాను.

"కాళీగా ఉంది. మనిసి పట్టీ కాళీ."

షాపతను నవ్వబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. డబ్బా ముందుకు తెచ్చి పక్క రేకు విప్పాడు. లోపలంతా ఎర్రటి దుమ్ము. ఈ ప్రాంతంలో దుమ్ము పట్టనిది లేదు. ఆరేసిన బట్టలకూ, అన్నం మూతకూ, మా బైబిలు గ్రంథాల అంచులకూ ఆ గనుల మట్టి రంగే. అతను బ్లోయర్ పెట్టి ఊదాడు. ఎర్రమట్టి మేఘంలా లేచి, గదంతా కమ్ముకుని, మా ముగ్గురి మీదా దిగింది. దేవుడు మట్టితో మనిషిని చేసి ఊపిరి ఊదిన దినం గురించి ఎన్నో ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఆ క్షణం ఇది మనం చేయవలసిన పని కాదేమో అనిపించింది. లోపల ప్రార్థించుకున్నాను.

డిస్కు బిగించి, వైర్లు తగిలించి, స్విచ్చు వేశాడు. ఫ్యాను తిరిగింది. తాత నేల మీద మోకరించి ఎడమ చెవి డబ్బాకు ఆనించాడు. నేను మామ్మ గొంతు కోసం ఎదురుచూశాను. ఉప్పెక్కువైన సారు, స్తోత్రం తండ్రీ, ఏదో ఒకటి వినపడుతుందనుకున్నాను.

టక్, టక్.

ఆగింది.

టక్, టక్.

షాపతని మొహం వాడిపోయింది. స్క్రీను మీద తెల్ల అక్షరాలు ఏవో వచ్చి నిలిచిపోయాయి. ఇంకోసారి ఆపి వేశాడు. మళ్లీ అదే.

"ఇది పోయిందమ్మా" అన్నాడు మెల్లగా. "లోపల పళ్లెం తిరుగుతది, దాని మీద ఎంటికంత దూరంల సూది ఉంటది. దెబ్బ తగిలితే సూది పాడైతది. గిట్లనే కొట్టుకుంటది. ఇగ చదవదు. పిడుగుకు పోయింది కాదిది. దీన్ని ఎవరన్న కొట్టిన్రా?"

నేను తాత చేతి వేపు చూశాను. కాయలు కాసిన ఆ కణుపులు. రోజూ పొద్దున్నే ఉన్నావా అని అడిగిన కణుపులు. పట్టాను బతికించే పద్ధతి అది ఒక్కటే ఆయనకు తెలుసు. దాన్నే దీని మీదా వాడాడు.

షాపతను వంగి తాత చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. "తాతా! ఇది సచ్చిపోయింది!"

తాత కళ్లు తెరవలేదు. "నాకు తెలీదేటి బావూ? నానే కదా మట్టేసినాను" అన్నాడు. చేయి లేపి డబ్బా మీద కొట్టాడు. మూడుసార్లు.

టక్, టక్.

అది ఎటూ కొట్టుకుంటూనే ఉంది, నాకు తెలుసు. అయినా తాత కొట్టిన తర్వాత, సరిగ్గా ఒక మనిషి రోకలి అందుకునేంత ఆలస్యంతో వచ్చింది. మళ్లీ మూడు కొట్టాడు. మళ్లీ రెండు. అంతలో కరెంటు పోయింది. లైట్లు ఆరాయి, తల మీది ఫ్యాను ఆగింది. ఆ చీకటి గదిలో స్క్రీను వెలుగు తాత చెంప మీద పడుతూనే ఉంది.

టక్, టక్.

నేను ప్రభువు నామం గట్టిగా పలికాను.

"భయపడకమ్మా, యూపీఎస్ ఉన్నది" అన్నాడు షాపతను. అన్నాడే గానీ అతను కూడా గుమ్మం దాకా వెనక్కి జరిగాడు.

తాత తల ఎత్తాడు. మామ్మ పోయాక ఆయన మొహంలో ఆ వెలుగు నేను చూడలేదు.

"వొడ్డించీసిందట సిస్టరమ్మా" అన్నాడు.

కొనవద్దని షాపతనే చెప్పాడు. ఇందులో మాట రాదు, పాట రాదు, నీకు దండగ తాతా అని బతిమాలాడు. తాత వినలేదు. పలికింది కదా, ఇంకేటి కావాలన్నాడు. ఆ డబ్బానే కొన్నాడు. స్క్రీను మాత్రం వద్దన్నాడు.

ఇంట్లో మామ్మ కూర్చునే పీట మీద దాన్ని పెట్టాడు. సాయంత్రం దీపాల వేళకు స్విచ్చు వేసి, చెంప ఆనించి కూర్చునేవాడు. ఇరుగుపొరుగు గుసగుసలాడారు. సంగతి అయ్యగారి దాకా వెళ్లింది. ఆయన నన్ను వెంటబెట్టుకుని వచ్చారు.

"మాట్లాడనని మాట ఇచ్చారు తాతా!" అని చెవిలో అరిచారు.

"మాటాడ్నేదు అయ్యగారూ. ఒట్టు. కొట్టినాను, అంతే."

"అది చెడిపోయిన యంత్రం చప్పుడు!"

"అవునండి. సెడిపోయిందే. బాగున్నప్పుడు మనిసి నోటితో పిలుస్తాది. సెడిపోయినాక ఇలగే." తాత పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఒక్కపాలి సెవి పెట్టండి అయ్యగారూ. తప్పయితే తప్పని సెప్పండి, ఆపీస్తాను."

అయ్యగారు ఒక అడుగు వెనక్కి వేశారు. చేతులు వెనక్కి పెట్టుకున్నారు, నిప్పు దగ్గర నిలబడ్డట్టు. చెవి పెట్టలేదు. నిలబడే ప్రార్థన చేసి బయటికి వచ్చారు.

"చప్పుళ్లకు చెవి ఇవ్వడం మొదలుపెడితే ప్రభువు స్వరానికి ఎప్పుడిస్తాం సిస్టర్?" అన్నారు దారిలో. నేను అవునన్నాను. ఇప్పుడు అడిగినా అవుననే అంటాను. నిద్రించినవారు బూర మోగే దినం వరకు విశ్రాంతిలో ఉంటారని నేర్చుకున్నాను, అదే నేర్పుతున్నాను. గీదంలో విన్నది ఒక విరిగిన సూది చప్పుడు. అది కూడా నాకు తెలుసు. తెలిసిన రెండింటి మధ్యా ఒక సందు ఉంది. అందులోకి తొంగి చూడకుండా ఉండేందుకు కృప కోసం అడుగుతుంటాను.

వానలు ముదిరేసరికి తాత ఎడమ చెవి కూడా పూర్తిగా పోయింది. అయినా ఆదివారాలు వచ్చి స్తంభానికి చెంప ఆనించి నిలబడేవాడు. పాట ఎముకలోంచి వస్తుందనేవాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగిపోనాది సిస్టరమ్మా."

డబ్బా చెడిపోయిందా అని సైగ చేశాను.

"కొట్టడం మానీసింది. వొడ్డించీసి కూకుంది." కాసేపు బయట వాన చూశాడు. "ఆలీసెం సేత్తే సల్లారిపోద్ది."

మర్నాడు పొద్దున పక్కింటివాళ్లు పిలిస్తే వెళ్లాం. తాత పీట ముందు చాప మీద, అన్నానికి కూర్చున్నట్టు బాసిపట్టు వేసుకుని, గోడకు ఒరిగి ఉన్నాడు. డబ్బా స్విచ్చు తీసేసి ఉంది. భుజం మీద తువ్వాలు. గుమ్మం దగ్గర చెంబు. పాదాలు శుభ్రంగా కడిగి ఉన్నాయి, తడి ఇంకా ఆరలేదు. గుమ్మం నుంచి చాప దాకా, ఎర్రమట్టి నేల మీద అడుగుల గుర్తులు.

మా సమాధుల తోట కొండ వాలులో ఉంటుంది. అక్కడ గుంట తవ్వితే గునపం ఇనుపరాయికి తగిలి మోగుతుంది. ఆ రోజు కూడా మోగింది. వాక్యం అయింది, పాట అయింది. తాళ్లు పట్టుకున్నవాళ్లు పెట్టెను గుంట మీదికి తెచ్చి, అలవాటు కొద్దీ ఆగారు. తాత వచ్చి కొట్టాలి కదా. కొట్టవలసినవాడు పెట్టెలో ఉన్నాడని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. తాళ్లు వదలడానికి ఎవరికీ చేతులు రాలేదు. దించకుండా ఉండనూ లేరు. కొండ మీది కన్వేయరు కూడా ఎందుకో ఆ పూట ఆగి ఉంది.

అయ్యగారు చేతిలోని గ్రంథాన్ని నాకిచ్చారు. తెల్లని అంగీ బురదలో ఆనుతున్నా చూసుకోకుండా మోకాలి మీద వంగారు. కణుపుతో మూత మీద మూడుసార్లు కొట్టారు. చుట్టూ చూసి, మెల్లగా తల వంచి చెవి పెట్టారు.

చాలాసేపు పెట్టారు.

లేచినప్పుడు ఆయన మొహం తెల్లగా ఉంది. "గట్టిగుంది" అన్నారు. "పంపించండి."

పెట్టె దిగింది. మట్టి వేశాం. అందరూ చెదిరిపోయాక, గేటు దగ్గర నా చేతిలోంచి గ్రంథం తీసుకుంటూ అయ్యగారు నన్ను చూడకుండా అడిగారు.

"సిస్టర్, ఆ రోజు గీదంలో తాత మూడు కొట్టాక, అది ఎన్నిసార్లు కొట్టింది?"

"రెండు, అయ్యగారూ."

అప్పటి నుంచి ఎవరి పెట్టె దింపబోతున్నా, ఆగమని చెయ్యి ఎత్తేది ఆయనే.